వ్యాన్ ఆపే చోటు, పక్షిని చూసే చోటు

ప్రశ్న: మాది రాజాం. ఉద్యోగ విరమణ చేశాక పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొని, అనుమతులన్నీ తీసుకుని, అందులో పడకలు, చిన్న వంటగట్టు, మరుగుదొడ్డి పెట్టించి క్యాంపర్ వ్యానుగా మార్పించుకున్నాను. మొన్న డిసెంబరు ఆఖరి వారంలో నేను, మా ఆవిడ, ఇద్దరు మనుమలు కలిసి పక్షులను, వీలైతే సముద్ర తాబేళ్ళను చూద్దామని శ్రీకాకుళం జిల్లా తీరం వెంబడి తిరిగాం. పక్షులకు పేరుపడ్డ తేలినీలాపురంలో బండి ఆపిన పది నిమిషాలకే ఒక రైతు వచ్చి, “బండి ఇక్కడెట్టేసినారేటండి, ధాన్యం బండి ఎలగొస్తాది?” అని కేకలు వేశాడు. వెనక్కి తీయబోతే వెనుక చక్రం పొలంలోకి దిగిపోయింది. కళింగపట్నంలో రాత్రివేళ ఇసుక అంచున ఆపి, దీపాలు పెట్టుకుని భోజనం చేస్తుంటే అక్కడినుంచి వెళ్ళిపొమ్మన్నారు. ఇచ్ఛాపురం దాకా వెళ్ళి, కొంగలు గూళ్ళు కట్టే తేలుకుంచి ఊరు చూస్తే ఖాళీ గూళ్ళు తప్ప ఒక్క పక్షి కూడా లేదు. సైబీరియా నుంచి వచ్చే పక్షులను చూడాలని ఇంత ఖర్చు పెట్టి బండి చేయించుకుంటే, దాన్ని ఆపుకోవడానికే జాగా దొరకలేదు. మళ్ళీ వెళ్దామని మనుమలు పోరు పెడుతున్నారు. ఎప్పుడు వెళ్ళాలి, బండి ఎక్కడ ఆపాలి? కురుపాం వైపు ఏనుగులను చూపించవచ్చా? రథసప్తమికి అరసవల్లి దర్శనం కూడా కలుపుకోవాలని ఉంది.

సమాధానం: మీరు రాసిన ఇబ్బందులు వేరువేరుగా కనిపిస్తున్నా వాటిలో చాలావాటికి మూలం ఒక్కటే. నిద్రపోయే చోటు, పక్షిని చూసే చోటు ఒకటే కావాలని మీరు అనుకున్నారు. కిటికీ తెర తొలగించగానే ఎదురుగా కొంగ కనబడాలన్న ఆశ క్యాంపర్ వ్యాన్ చేయించుకున్న ప్రతివారికీ ఉంటుంది, అందులో తప్పేమీ లేదు. కానీ మన ఉత్తరాంధ్రలో పెద్ద పక్షులు గూళ్ళు కట్టుకునేది ఊళ్ళలో, మనుషుల పెరళ్ళకు ఆనుకుని ఉన్న చెట్ల మీద. ఆ ఊళ్ళ దారులు ట్రాక్టరు, ఎడ్లబండి ఒకదానికొకటి తప్పుకోవడానికే చాలవు. ఆరేడు మీటర్ల పొడవున్న వాహనాన్ని అక్కడ నిలిపితే, మీరు ఎంత మర్యాదగా ఉన్నా ఆ దారి మూసేసినట్టే అవుతుంది. అందుచేత నా సలహా అంతా ఒకే మాట చుట్టూ తిరుగుతుంది: బండిని పడకగా వాడుకోండి, చూడవలసిన చోటికి మాత్రం ఆటోలోనో నడిచో వెళ్ళండి. దీనికి ఒకే ఒక మినహాయింపు ఉంది, దాని గురించి తరువాత చెబుతాను.

ముందు తేలినీలాపురం సంగతి. మీరు వెళ్ళిన డిసెంబరు చివర ఖరీఫ్ వరి కోతలు ముగిసి, కుప్పలు నూర్చడం, ధాన్యం ఆరబెట్టడం, బస్తాలు తోలడం ఒకేసారి జరిగే కాలం. ఏడాది కష్టమంతా ఆ కొద్ది రోజుల్లోనే ఇల్లు చేరాలి. మబ్బు పట్టిందంటే రైతుకు కంటిమీద కునుకు ఉండదు. ఆ సమయంలో దారికి అడ్డంగా బండి కనిపిస్తే ఆయన కేకలు వేయడంలో ఆశ్చర్యం లేదు. పైగా ఆయన వైపు చట్టం కూడా ఉంది. బహిరంగ స్థలంలో ఇతరులకు ప్రమాదం గాని, అడ్డంకి గాని, మితిమీరిన అసౌకర్యం గాని కలిగేలా వాహనాన్ని నిలపరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెబుతోంది. పది గంటలు, అంతకు మించి ఎవరూ లేకుండా వదిలేసిన వాహనాన్ని పోలీసులు తొలగింపజేయవచ్చని అదే చట్టంలోని 127వ సెక్షన్ అంటోంది. పక్షులను చూస్తూ కూర్చుంటే పది గంటలు గడవడం పెద్ద విషయమేమీ కాదు.

ఈసారి బండిని టెక్కలిలోనే ఆపండి. అక్కడ జాతీయ రహదారి దిగి నౌపడ వైపు వెళ్తే తేలినీలాపురం కొద్ది కిలోమీటర్ల దూరమే. ఆటో మాట్లాడుకుంటే మనుమలతో సహా హాయిగా వెళ్ళిరావచ్చు, ఆటోవాడే ఊళ్ళో ఎక్కడ దింపాలో, ఎవరిని పలకరించాలో చెబుతాడు. బండిని ఊరి దగ్గరిదాకా తీసుకువెళ్ళక తప్పదనిపిస్తే, ఊరికి ముందే ఆపి, ఒకరు దిగి నడిచి వెళ్ళి, బండి తిప్పుకోవడానికి గట్టి నేల ఎక్కడుందో చూసి వచ్చాకే ముందుకు కదలండి. మీ వెనుక చక్రం పొలంలోకి దిగడానికి కారణం దాదాపు ఇదే అయి ఉంటుంది. తారు అంచు దాటాక కనిపించే పచ్చగడ్డి కింద గట్టు మట్టి మెత్తగా ఉంటుంది, నీళ్ళ ట్యాంకు నిండా ఉన్న బండి బరువును అది ఆపలేదు. వెనక్కి తీసేటప్పుడు ఒకరు కిందికి దిగి, డ్రైవరు అద్దంలో కనబడేచోట నిలబడి దారి చూపాలి. కొబ్బరి మట్టలు, కిందికి వేలాడే కరెంటు తీగలు కూడా చూసుకోవాలి, ఎందుకంటే వ్యాన్ పైకప్పు మీద మీరు బిగించుకున్న సామాను ఎత్తు మీకు గుర్తుండదు. రైలు మార్గం కింది దారులలోకి వెళ్ళేముందు అక్కడ రాసి ఉన్న ఎత్తు చదవండి, వాన పడిన మరునాడైతే అసలు వాటిలోకి దిగకండి.

పక్షుల విషయానికి వస్తే ఒక చిన్న సవరణ. తేలినీలాపురంలో గూళ్ళు కట్టే గూడబాతులు, అంటే పెలికాన్లు, సైబీరియా నుంచి రావు. ముక్కు మీద మచ్చలుండే ఈ జాతి దక్షిణ, ఆగ్నేయ ఆసియాలోనే పుట్టి పెరుగుతుంది. వాటితో కలిసి గూళ్ళు పెట్టే పెయింటెడ్ స్టార్క్ కొంగలు కూడా మన దేశపు పక్షులే. చలికాలం పక్షి కనబడితే చాలు సైబీరియాతో ముడిపెట్టడం మనకు అలవాటైపోయింది. ఈ తేడా పిల్లలకు చెప్పడం అవసరమని ఎందుకంటున్నానంటే, అవి దారిలో ఆగిన అతిథులు కావు, గుడ్లు పెట్టి పిల్లలను పెంచుకోవడానికి ఈ ఊరిని ఎంచుకున్న పక్షులు. ఎక్కడికో పోతూ వాలిన పక్షిని బెదిరిస్తే అది ఇంకో చెరువు వెతుక్కుంటుంది. గూటిలో పిల్లలున్న పక్షిని బెదిరిస్తే జరిగేది వేరు. తల్లి లేచిన మరుక్షణం కాకులు, గద్దలు గూటి మీద పడతాయి. ఈకలు రాని పిల్లలు ఎండకు తాళలేవు, అందుకే మధ్యాహ్నం పూట తల్లికొంగ రెక్కలు చాపి పిల్లల మీద గొడుగు పట్టినట్టు నిలబడి ఉండడం చూస్తాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గుడ్లను, గూళ్ళను కదిలించడాన్ని కూడా వేటగానే లెక్కిస్తుంది.

గూడబాతులు శరదృతువులో వచ్చి వేసవి మొదట్లో వెళ్ళిపోతాయి. నన్నడిగితే సంక్రాంతి అయ్యాక, కనుమ ముక్కనుమ సందడి తగ్గి, ఊరికి వచ్చినవారి కార్లన్నీ తిరిగి హైదరాబాదు, విశాఖ దారి పట్టిన తరువాత, జనవరి చివరి నుంచి ఫిబ్రవరి నడుమ వరకు అన్నిటికంటే మంచి కాలం. అప్పటికి ధాన్యం పనులు చాలావరకు ముగుస్తాయి, దారులు ఖాళీ అవుతాయి. గూళ్ళలో పిల్లలు పెద్దవై, తల్లి నోటి సంచిలోకి తల దూర్చి చేపలు తినడం కంటికి కనిపిస్తుంది. ఉదయం ఎండ ఎక్కకముందే అక్కడ ఉండండి. చెట్టుకు దూరంగా, సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడితే బైనాక్యులర్‌లో రంగులు స్పష్టంగా కనబడతాయి. నేల వేడెక్కి గాలి పైకి లేచే వేళకు గూడబాతులు రెక్క ఆడించకుండా సుళ్ళు తిరుగుతూ ఆకాశంలోకి ఎక్కుతాయి. రెండు రెక్కల చివరల మధ్య రెండు మీటర్లకు పైగా వెడల్పుండే పక్షి అలా తేలిపోవడం చూశాక మనుమలకు ఫోను గుర్తుకు రాదు. చెట్టు కిందికి మాత్రం వెళ్ళకండి. రెట్టలు, కక్కిన చేపలు మీద పడతాయన్నది చిన్న కారణం, పైనున్న పక్షులు ఒక్కసారిగా లేస్తాయన్నది పెద్ద కారణం. కింద పడిన పిల్ల కనబడితే ముట్టుకోకుండా, నీళ్ళు పట్టకుండా అక్కడి అటవీ సిబ్బందికి చెప్పండి. 2021 చివర, 2022 మొదట్లో పరాన్నజీవుల బెడదతో ఇక్కడ పెద్ద సంఖ్యలో గూడబాతులు చనిపోయాయి, కాబట్టి చచ్చిన పక్షి జోలికి కూడా పిల్లలను పోనివ్వకండి. డ్రోన్ ఉంటే ఇంట్లోనే వదిలి రండి.

తేలుకుంచిలో మీకు ఖాళీ గూళ్ళు కనిపించడానికి కారణం చాలా సులువైనది. అక్కడికి వచ్చే ఓపెన్ బిల్ కొంగలు తొలకరితో వచ్చి, వానాకాలమంతా గూళ్ళు కట్టి పిల్లలను లేపి, చలి ముదిరేసరికి వెళ్ళిపోతాయి. వాటి తిండి ముఖ్యంగా నత్తలు. ముక్కు మూసినా నడుమ సందు ఉండే ఆ కొంగలు వరిమళ్ళలో నీళ్ళున్నన్నాళ్ళే బాగా బతుకుతాయి, కాబట్టి వాటి పంచాంగం నాట్లతో మొదలవుతుంది. తేలినీలాపురం పంచాంగం దాదాపు అది ముగిసే చోట మొదలవుతుంది. రెండూ ఒకే ప్రయాణంలో నిండుగా చూడాలనుకోవడం వల్ల ఒకటి పోగొట్టుకున్నారు. తేలుకుంచికి ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో విడిగా వెళ్ళండి, అది కూడా బండిని ఇచ్ఛాపురంలో వదిలి. వానాకాలంలో ఆ ఊరి దారి పక్కన మీ వ్యాన్ దిగబడిందంటే, దాన్ని లాగడానికి రైతు నాట్లు ఆపుకుని ట్రాక్టరు తేవాలి.

ఇక ముందు చెప్పిన మినహాయింపు. నౌపడ ఉప్పు మడుల దగ్గర, సముద్రపు పోటు నీరు ఎక్కే చిత్తడి నేలల అంచున, మీ వ్యాన్ నిజంగా పనికివస్తుంది. చెట్టూ పుట్టా లేని ఆ చదును మీద నడిచి వచ్చే మనిషి ఆకారం అర కిలోమీటరు దూరం నుంచే పిట్టలకు కనిపిస్తుంది, అవి లేచిపోతాయి. ఇంజను ఆపి కదలకుండా ఉన్న వాహనాన్ని మాత్రం అవి కాసేపటికి పట్టించుకోవు. కాబట్టి తలుపు తెరవకుండా, పిట్టల వైపు కిటికీ ఒక్కటే సగం దించి, పావుగంట మౌనంగా కూర్చోండి. ఉల్లంకి పిట్టలు, పొడుగు ఎర్రకాళ్ళ నీటిపిట్టలు, తేలినీలాపురం నుంచి మేతకు వచ్చిన గూడబాతులు వాటంతట అవే దగ్గరికి వస్తాయి. అక్కడ కూడా తారు దిగవద్దు. ఉప్పు గట్లు పైకి ఎండి తెల్లగా కనిపించినా లోపల బురదే, పైగా అవి ఉప్పు రైతుల కష్టార్జితం. లారీలు తిరిగే వేళైతే పూర్తిగా తప్పుకునే వెడల్పున్న చోటే ఆగాలి, లేకపోతే ఆగకుండా సాగిపోవాలి. పగలు చూసి చీకటి పడకముందే బయలుదేరండి, అక్కడ రాత్రి గడపడానికి ఏమీ లేదు, దోమలు తప్ప.

కళింగపట్నంలో మిమ్మల్ని వెళ్ళిపొమ్మన్న వారెవరో మీరు రాయలేదు, ఎవరైనా సరే వారు చేసింది మంచిదే. ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిపూట ఒడ్డెక్కి ఇసుకలో గుంట తవ్వి, ఒక్కో గూటిలో నూరు, అంతకు పైగా గుడ్లు పెడతాయి. పొరుగున ఒడిశాలో ఋషికుల్య దగ్గర జరిగినట్టు వేలాదిగా ఒకేసారి రావు, ఒకటీ రెండుగా ఎక్కడెక్కడో వస్తాయి. అందువల్లే గూడు ఎక్కడుందో చూపరికి తెలియదు. బండి బరువుకు ఇసుక గట్టిపడితే కింది గుడ్లకు, పైకి రాబోయే పిల్లలకు ముప్పు. చక్రాల గాడిలో పడిన అంగుళం అంగుళంన్నర పిల్ల బయటికి ఎక్కలేదు. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో గుడ్డు పగిలి బయటికి వచ్చే పిల్ల, రాత్రి ఏ దిక్కు ఎక్కువ వెలుతురుగా ఉంటే అదే సముద్రమనుకుని నడుస్తుంది. మీ బండి పక్కన కట్టిన దీపాల తోరణం దానికి సముద్రం కంటే వెలుగుగా కనిపిస్తుంది. డిసెంబరు ఆఖరుకు మీరు కాస్త ముందే ఉన్నారు గాని, ఫిబ్రవరిలో అదే చోట అలాగే ఆపితే నష్టం జరిగేది. తీరప్రాంతపు ఊళ్ళలో గుడ్లను భద్రంగా పొదిగించే సంరక్షణ కేంద్రాలు ఉంటాయి, పిల్లలను తెల్లవారుజామున సముద్రంలోకి వదులుతారు. ముందురోజు అటవీ సిబ్బందిని అడిగి, తెల్లవారకముందే కాలినడకన వెళ్ళి, టార్చి వేయకుండా వెనుక నిలబడితే మనుమలు ఒడ్డెక్కే తల్లిని చూడకపోయినా కడలిలోకి దిగే పిల్లలను చూస్తారు. ఈ తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని ఒకటవ షెడ్యూలులో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది, చేత్తో పట్టుకుని ఫొటో దిగే సరదా వద్దు.

మరి రాత్రి ఎక్కడ ఆపాలన్నది మీ అసలు ప్రశ్న. జాతీయ రహదారి అంచున మాత్రం ఎప్పుడూ ఆపకండి, నిద్రమత్తులో ఉన్న లారీ డ్రైవరుకు మీ బండి ఆలస్యంగా కనబడుతుంది. దారిలో బండి మొరాయిస్తే 1033కు ఫోను చేయండి. పనిచేస్తున్న పెట్రోలు బంకు ఆవరణ, లారీలు ఆగే పెద్ద ధాబా, సత్రం పెరడు, ఇవన్నీ అడిగితే దొరికేవే. అయితే ఎక్కువమందికి తట్టని చోటు ఒకటుంది: కల్యాణ మండపం. టెక్కలి, నరసన్నపేట, పలాస వంటి ఊళ్ళలో విశాలమైన ఆవరణ, గేటు, కాపలాదారు, నీటి కుళాయి ఉన్న మండపాలు ఉంటాయి. ధనుర్మాసంలోనూ, పుష్యమాసంలోనూ పెళ్ళి ముహూర్తాలు దాదాపు ఉండవు కాబట్టి అవి ఖాళీగా పడి ఉంటాయి. తేలినీలాపురంలో పక్షులు నిండుగా ఉండే రోజుల్లో కొన్ని అందులో పడతాయి. యజమానికి ముందురోజే ఫోను చేసి, పక్షులను చూడడానికి కుటుంబంతో వచ్చామని చెప్పి, ఇంత అని మాట్లాడుకుంటే కాదనేవారు తక్కువ. మాఘం మొదలై పెళ్ళిళ్ళు జోరందుకుంటే మాత్రం ఈ ఉపాయం పారదు, అప్పుడు లాడ్జి ఆవరణలో బండి నిలిపి ఒక గది తీసుకోవడమే నయం.

మీ మరుగుదొడ్డి ట్యాంకు సంగతి మీరు రాయలేదు, నేనే అడుగుతాను. దాన్ని కాలువలో గాని, తోట పక్కన గాని ఒంపకండి. ముఖ్యంగా ఉద్దానంలో. మూత్రపిండాల జబ్బు ఇంటింటా చూసిన ప్రాంతం అది, తాగే నీటి గురించి అక్కడివారికున్న భయం మాటల్లో చెప్పలేనిది. రసాయనం కలిపిన మీ మురుగు వారి బావి దగ్గర పోసినట్టు ఎవరైనా చూస్తే, ఆ తరువాత ఆ దారిన వచ్చే ఏ వ్యానుకూ మంచినీళ్ళు దొరకవు. బంకులోనో లాడ్జిలోనో అడిగి సెప్టిక్ ట్యాంకు ఉన్న మరుగుదొడ్డిలోనే ఖాళీ చేయండి.

ఉద్దానం జీడితోటల్లో నీడ చూసి ముచ్చటపడి రాత్రి మకాం వేయకండి. మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎలుగుబంట్లు తోటల్లోనే తిరుగుతాయి, జీడిపండ్లు, పనసపండ్లు పండే వేసవిలో మరీ ఎక్కువ. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడిలో మనిషి చనిపోయాడు, చాలామంది గాయపడ్డారు. బయట వంట చేసి, మిగిలిన అన్నం చెట్టు మొదట పోసి పడుకుంటే దాన్ని పిలిచినట్టే.

ఏనుగుల ప్రశ్నకు నా జవాబు వద్దు అనే. ఒడిశా వైపు నుంచి వచ్చి, 2022 వరకు విజయనగరం జిల్లాలో ఉండి ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన కురుపాం, కొమరాడ ప్రాంతాల్లో తిరిగే ఆ గుంపు చూడడానికి నిలబడే జంతువులు కావు. అవి చెరకు, అరటి తోటల్లో పడి రైతును ముంచాయి, మనుషుల ప్రాణాలూ తీశాయి. వాటి వైపూ నష్టం తక్కువ లేదు, 2023 మే నెలలో భామిని మండలంలో నాలుగు ఏనుగులు కరెంటు తగిలి చచ్చిపోయాయి. గుంపు ఏ ఊరి దగ్గరుంటే ఆ ఊరు రాత్రంతా నిద్ర కాస్తుంది, అక్కడికి కెమెరాతో వెళ్ళడం నాకు మర్యాదగా తోచదు. మనుమలకు కొండల నడుమ నీళ్ళు, పిట్టలు కావాలంటే విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో గోస్తని మీది తాటిపూడి జలాశయం ఉంది. వారం మధ్యలో వెళ్తే బండి ఆపుకోవడానికి బాధే ఉండదు, కార్తీక మాసపు ఆదివారాలు మాత్రం వనభోజనాల వారిదే రాజ్యం.

చివరగా రథసప్తమి. అరసవల్లి శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకునే ఉంది కాబట్టి ఆ పూట, దాని ముందు రాత్రి పట్టణంలోకి వాహనాలను ఎక్కడికక్కడ మళ్ళిస్తారు, మీ వ్యాన్ పాత వీధుల్లో చిక్కుకుంటే ముందుకూ వెనక్కూ కదలదు. దర్శనం ఆ రోజే చేసుకోవాలన్న మొక్కు ఉంటే, ముందురోజు మధ్యాహ్నానికే బండిని నరసన్నపేటలో నిలిపి, తెల్లవారకముందే బస్సు ఎక్కి రండి. మొక్కు లేకపోతే రెండు రోజులు ఆగి, వారం మధ్యలో ఉదయం పూట వెళ్ళండి. ఆ సమయంలో అక్కడ వ్యాన్ తిప్పుకోవడానికి కూడా చోటుంటుంది.